మూడో పేజీలో రెండు వాక్యాలు

మార్చి 2, ఆదివారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి ప్లీడర్ల సంఘం వాళ్లు ఇచ్చింది. రెండు నెలలుగా బల్ల మీద ఊరికే పడి ఉంది. ఈ రోజు మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. మనిషి ఉంది. మాట లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇరవై ఏడేళ్లుగా జడ్జి కుర్చీలో కూర్చుని ఊళ్లోవాళ్ల గొడవలన్నీ నిష్పక్షపాతంగా రాసినవాణ్ని, నా గొడవ రాసుకోలేనా?

నిన్న సాయంత్రం మా మరదలు వచ్చింది. కాఫీ తాగుతూ, "అక్కా, ఈ కర్టెన్లు ఎక్కడ కొన్నావే?" అని అడిగింది. ప్రశ్న చిన్నది. జవాబు ఒక్క ముక్క, కొట్టు పేరు. మా ఆవిడ మొదలుపెట్టింది. "అదో పెద్ద కథలేవే. పెళ్లయిన కొత్తలో మీ బావ మొదటి పోస్టింగుకి రైల్లో వెళ్తున్నామా, ఎదురు సీట్లో ఒకాయన..." రైలు కదిలింది, ఒకాయన వచ్చాడు, ఆయన చేతిలో సంచీ వచ్చింది, ఆ సంచీ ఎలా ఉందో వచ్చింది. కర్టెన్ జాడ లేదు. అలవాటుపడ్డ నోరు కదా, ఊరుకోలేదు. "అడిగినదానికి మాత్రమే సమాధానం చెప్పు" అన్నాను.

బోనులో సాక్షులతో రోజుకు ఇరవైసార్లు అనే మాట. ఇంతవరకు ఒక్క సాక్షీ నొచ్చుకోలేదు.

మా ఆవిడ "సరే" అంది. మరదలు కప్పు కింద పెట్టి, ఏదో పని గుర్తొచ్చిందని వెళ్లిపోయింది. ఇందులో నా తప్పు ఏమైనా ఉందా అని ఇరుపక్షాలా ఆలోచించాను. ఏమీ లేదు.

మార్చి 3, సోమవారం

ఆమె తగ్గలేదు. నేనూ తగ్గలేదు.

మార్చి 5, బుధవారం

పూర్తిగా మౌనం అయితే ఒక దారి. ఇది అది కాదు. అడిగితే చెబుతుంది. అడిగినదానికి మాత్రమే.

పొద్దున "కాఫీ ఉందా?" అన్నాను. "ఉంది" అంది. ఐదు నిమిషాలు చూశాను, రాలేదు. "ఇస్తావా?" అన్నాను. "ఇస్తాను" అని ఇచ్చింది. అందులో చక్కెర లేదు. చక్కెర సంగతి నేను అడగలేదు, నిజమే.

కోర్టుకు వెళ్లాక ఇంకా ఘోరం బయటపడింది. పై కోర్టు నుంచి పెద్ద జడ్జిగారు 24వ తేదీన మా కోర్టు తనిఖీకి వస్తున్నారట. ఆ కబురు సోమవారమే మా ఇంటికి ఫోన్లో చెప్పారట. నాకు మాత్రం ఈ రోజు గుమస్తా చెబితే తెలిసింది.

"సోమవారం ఫోన్ వచ్చిందా?" అని అడిగాను ఇంటికొచ్చి.

"వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటోంది. జిల్లా జడ్జి పదవికి జాబితా ఏప్రిల్లో వస్తుంది. ఇప్పటికి రెండుసార్లు తప్పిపోయింది. మొదటిసారి నా ఫైలులో "నెమ్మది" అని రాశారు. రెండోసారి "ఇంకా నెమ్మది" అని రాశారు. ఈసారి ఈ పెద్దాయన రాసేదే ఆఖరు మాట. రెండేళ్లలో రిటైరవుతాను, నాలుగో అవకాశం ఉండదు.

మార్చి 9, ఆదివారం

నేనే ఒక మెట్టు దిగి, "నీకు కోపం వచ్చింది కదూ?" అని అడిగాను.

"జవాబు మీరే చెప్పేసి అడుగుతున్నారు. అలాంటి ప్రశ్నకి అభ్యంతరం" అంది.

ఇరవై ఏడేళ్లు జడ్జితో కాపురం చేస్తే ఇంటి గోడకు కూడా లా వస్తుంది.

మార్చి 13, గురువారం

ఈ రోజు తాళాల తాత సాక్ష్యం. ఊళ్లో అందరూ ఆయన్ని అలాగే అంటారు. డెబ్భై రెండేళ్లు, బస్టాండు వెనక వీధిలో తాళాల రిపేరు షాపు, భార్య పోయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. అన్న కొడుకు కేసు వేశాడు. బాబాయికి మతి చెడింది, షాపులో ఒక్కడే కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటాడు, కాబట్టి ఆయన షాపూ ఇల్లూ నా చేతికి అప్పగించండి, ఆయన్ని ఎక్కడైనా ఆశ్రమంలో చేరుస్తాను అని. ఎంత ప్రేమో!

సాక్షి చెప్పేది విని, సాక్షి నోటితోనే "నేను" అంటూ టైపిస్టమ్మకు చెప్పి కొట్టించడం నా పని. ఇన్నేళ్లలో నేను దొంగనయ్యాను, దొంగ చేతిలో మోసపోయినవాణ్నయ్యాను, ఒకసారి ఏడు నెలల గర్భిణినయ్యాను. "నేను ఆ సమయంలో పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను" అని గంభీరంగా చెబితే, టైపిస్టమ్మ తలెత్తకుండా కొట్టేస్తుంది.

అన్న కొడుకు తరఫు ప్లీడరుకు తోటి ప్లీడర్లలో ఉరుము అని పేరు. బల్ల గుద్ది అడిగాడు. "షాపులో ఒక్కరే కూర్చుని మాట్లాడతారా, లేదా?"

"మాట్లాడతానండి."

"ఎవరితో?"

"తాళంతో" అన్నాడు తాత. "బిగుసుకుపోయినదాని మీద సుత్తి ఎత్తితే లోపల స్ప్రింగు విరుగుతుందండి. ఓ చుక్క నూనె వెయ్యాలి, ఓ మంచి మాట చెప్పాలి, ఓపిగ్గా తిప్పాలి. మనుషులైనా అంతే కదండీ."

అదంతా చెప్పి కొట్టించాను. ఆ మాట దగ్గర కాస్త పరధ్యానం వచ్చింది. కిటికీ వైపు చూస్తూ నాలో నేను ఏదో అనుకుని, వెంటనే తేరుకున్నాను. భోజనాల వేళ అయింది. ప్లీడర్లు క్యాంటీన్ దారి పట్టారు, నేను ఇంకో ఫైలు తెరిచాను, టైపిస్టమ్మ కాగితాలు గబగబా చదివి వినిపించింది. తాత ఒక్కసారి నా మొహం వైపు చూసి సంతకం పెట్టాడు. "చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నారు" అని ఉన్నచోట నేనూ పెట్టాను. మొత్తం ఇరవై నిమిషాలు. ఎవరండీ నన్ను నెమ్మది అన్నది?

మార్చి 16, ఆదివారం

"నా కళ్లజోడు ఎక్కడుందో తెలుసా?" అని అడిగాను. "తెలుసు" అంది. గంటసేపు వెతుక్కున్నాను.

మార్చి 20, గురువారం

కొంప మునిగింది.

తాత కేసులో వాదనలు. ఉరుము ప్లీడరు వాంగ్మూలం కాపీ గాల్లో ఊపుతూ లేచాడు. "యువర్ ఆనర్, మూడో పేజీ, కింది నుంచి నాలుగో లైను చిత్తగించండి. సాక్షి తన నోటితోనే అంటున్నాడు. 'మా ఆవిడ తనంతట తాను నాతో మాట్లాడి పన్నెండు రోజులైంది. తప్పు నాదేనేమో.' ఈయన భార్య పోయి నాలుగేళ్లు! అంటే పన్నెండు రోజుల కిందటి వరకు ఆవిడ వచ్చి కబుర్లు చెబుతూనే ఉందన్నమాట! ఇంతకంటే పిచ్చికి రుజువేం కావాలి?"

కోర్టంతా గొల్లున నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మాటలు నాకు తెలుసు. మరదలు వచ్చిన శనివారం నుంచి పదమూడో తేదీకి సరిగ్గా పన్నెండు రోజులు.

తాత తరఫు కుర్ర ప్లీడరు బిత్తరపోయి వెనక్కి తిరిగాడు. "తాతా, నిజంగా అన్నావా?" తాత పలకలేదు. నా వైపు కూడా చూడలేదు. కావాలనే చూడలేదనిపించింది.

జవాబు వాదనకు వాయిదా వేశాను. ఏ రోజుకని గుమస్తా అడిగితే, నోటికొచ్చిన తేదీ చెప్పి లేచిపోయాను. ఛాంబరులోకి వచ్చి క్యాలెండరు చూస్తే అది 24. తనిఖీ రోజు.

మార్చి 21, శుక్రవారం

టైపిస్టమ్మను ఛాంబరుకు పిలిచాను.

"అమ్మా, ఆ రోజు సాక్షి ఆ మాట అన్నాడా?"

"లేదు సార్."

"మరెందుకు కొట్టారు?"

"మీరన్నారు సార్."

"నాలో నేను అనుకున్నానమ్మా."

"వినపడేలా అనుకున్నారు సార్."

పదేళ్ల కిందట, నాకు ముందున్న జడ్జిగారు, ఒక వాక్యం వదిలేసిందని ఆమెకు మెమో ఇచ్చారట. అప్పట్నుంచి కుర్చీలోంచి ఏది వినపడితే అది కొడుతోందట. "దగ్గితే మాత్రం కొట్టను సార్" అని నాకు ధైర్యం చెప్పింది.

"చదివి వినిపించేటప్పుడైనా తేడాగా అనిపించలేదా?"

"అనిపించింది సార్. తాతగారికీ అనిపించినట్టుంది, మీ వైపు చూశారు. మీరు సంతకం పెట్టేశారు కదా, మీ ఇష్టం అనుకున్నాం."

మార్చి 22, శనివారం

ఆ రెండు వాక్యాలను పట్టించుకుంటే తాతకు మతి లేదని తీర్పు రాయాలి. ఇన్నాళ్లూ ఊరందరి తాళాలూ తీసినవాణ్ని ఎక్కడో గదిలో పెట్టి తాళం వేస్తారు. పట్టించుకోకుండా కేసు కొట్టేస్తే, అన్న కొడుకు అప్పీలుకు వెళ్తాడు. మూడో పేజీ అక్కడికీ వెళ్తుంది, దాని కింద నా సంతకం కూడా వెళ్తుంది. నిజం చెప్పేస్తే తాత బయటపడతాడు, నేను మునుగుతాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను చించుకోవాల్సింది నిండు కోర్టులో, పెద్ద జడ్జిగారి పక్కన కూర్చుని.

అయినా తనలో తాను మాట్లాడుకునేవాడు పిచ్చివాడైతే

ఈ వాక్యం పూర్తి చేయను.

మార్చి 23, ఆదివారం

నిర్ణయించుకున్నాను. రేపు సెలవు పెడతాను. పొద్దున్నుంచి ఒళ్లు వెచ్చగానే ఉంది.

"నాకు జ్వరం ఉందా?" అని అడిగాను. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "లేదు" అని తీసేసింది. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటే బాగుండేది.

సాయంత్రం

నడకకని బయల్దేరి బస్టాండు వెనక వీధిలోకి వెళ్లాను. ఆ దారి నాకు దగ్గర కాదు, తెలుసు. తాత షాపు తెరిచే ఉంది. తుప్పు పట్టిన తాళమొకటి చెవి దగ్గర పెట్టుకుని, "రా తల్లీ, రా. నేనే కదా. ఎన్నాళ్లని అలా ఉంటావు?" అంటున్నాడు. కరెంటు స్తంభం చాటున నిలబడ్డాను. ఒక జడ్జి ఎలా నిలబడకూడదో అలా నిలబడ్డాను. కాసేపటికి టక్కుమని వినపడింది. తాత ఒక్కడే కూర్చుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

సెలవు చీటీ చించేశాను.

మార్చి 24, సోమవారం

పెద్ద జడ్జిగారు పదిన్నరకల్లా వచ్చారు. నా పక్కనే కుర్చీ వేయించాం. ఒళ్లో చిన్న పుస్తకం, చేతిలో పెన్సిలు. తాత కేసు పిలవగానే ఉరుము లేచి మళ్లీ మూడో పేజీ ఎత్తాడు. నేను ఆపి, తాతను బోనులోకి రమ్మన్నాను.

"మీ వాంగ్మూలంలో ఈ రెండు వాక్యాలు ఉన్నాయి. ఇవి మీరు అన్నారా?"

"అన్నాననే అనుకోండయ్యా."

"అనుకోవడం కాదు. అన్నారా, లేదా?"

తాత బోను కమ్మీ పట్టుకున్నాడు. "మా ఆవిడ ఉన్నన్నాళ్లూ నాతో మాట్లాడని రోజు లేదండి. పోయాక మాట్లాడిన రోజు లేదు. ఆ మాత్రం తేడా నాకు తెలుసయ్యా."

"మరి చదివి వినిపించినప్పుడు నా మాట కాదని ఎందుకు చెప్పలేదు?"

"ఎవరి మాటో తెలుసండి. పాపం, ఇంటి సంగతి కదా, నలుగురిలో ఎందుకులే అని ఊరుకున్నా."

"దానివల్ల మీ షాపు పోతుందని తెలుసా?"

"మొన్న ఈ ప్లీడరుగారు అరిచినప్పుడు తెలిసిందండి. కానీ బీరువా తాళం తియ్యమని పిలిచిన ఇంట్లో, లోపల కనపడింది బయట చెప్పకూడదయ్యా. నలభై ఏళ్లుగా చెప్పలేదు. ఇప్పుడు మొదలెడితే రేపు నన్నెవరు పిలుస్తారు?"

"ఆ మాట ఎవరిదో సాక్షి చెప్పి తీరాలి!" అని ఉరుము గర్జించాడు.

"అక్కర్లేదు. కోర్టు చెబుతుంది" అన్నాను. పక్కన పెన్సిలు ఆగింది.

"కొట్టండమ్మా" అని మొదలుపెట్టాను. ఈసారి "నేను" అంటే నేనే.

"పదమూడో తేదీ వాంగ్మూలంలో మూడో పేజీలో ఉన్న ఆ రెండు వాక్యాలు సాక్షివి కావు. వాటిని అన్నది నేను. ఆ సమయంలో నేను కిటికీ వైపు చూస్తూ నాలో నేను మాట్లాడుకుంటున్నాను. సాక్షి భార్య మరణించారు. నా భార్య క్షేమంగా ఉన్నారు. మాట్లాడనిది ఆవిడే."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన ఇక ఆగలేదు. "నిశ్శబ్దం!" అని అరవాల్సిన బంట్రోతు నోటికి కండువా అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. ఉరుము మాత్రం నోరు తెరిచి నిలబడ్డాడు, చప్పుడు రాలేదు.

"ఒంటరిగా మాట్లాడుకోవడమే మతి చెడిందనడానికి రుజువైతే, ఆ షాపుకంటే ముందు ఈ కుర్చీ ఖాళీ చేయించాలి. తన నష్టం తెలిసి కూడా పరాయివాడి పరువు కాపాడిన మనిషికి మతి లేదంటే, ఉన్నవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు."

టైపిస్టమ్మ చెయ్యెత్తింది. "సార్, 'తప్పు నాదేనేమో' అన్నది కూడా మీదేనని కొట్టనా?"

"కొట్టండి. ఆ రోజు 'నేమో' అన్నాను, ఈ రోజు దాన్ని ఉపసంహరించుకుంటున్నానని కూడా కొట్టండి."

కొట్టింది. తలెత్తలేదు కానీ, మధ్యలో ఒకసారి ఆమె వేళ్లు ఆగాయి.

మధ్యాహ్నం ఛాంబరులో పెద్ద జడ్జిగారు కాఫీ కప్పు అందుకున్నారు. "ఇంతకీ ఆవిడ మాట్లాడారా?" అన్నారు.

"ఇంకా లేదు సార్."

"మా ఇంట్లో ఒకసారి ఏడు నెలలు" అన్నారు. కప్పు కింద పెట్టి ఫారం బయటికి తీశారు. "మీరు చేసింది మంచి పనేనయ్యా. కానీ సాక్షి వాంగ్మూలంలో జడ్జిగారి కాపురం రాయించుకున్న కోర్టు ఇంకోటి లేదు. ఫారంలో లోపాల గడి నింపక తప్పదు."

ఇంటికి వచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. మరదలి ఫోన్, ఇంకెవరు? మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"కోర్టులో ఏదో అన్నారట?"

"అన్నాను."

"ఏమని?"

"తప్పు నాదే అని."

"ఎందుకన్నారు?"

నేను మొదలుపెట్టాను. తాళంలో స్ప్రింగు, నూనె చుక్క, కిటికీ, నిన్న కరెంటు స్తంభం చాటున...

"అడిగినదానికి మాత్రమే సమాధానం చెప్పండి" అని అటు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నేను అడగలేదు. భోజనం దగ్గర మాత్రం మళ్లీ అదే వరస. తీర్పు రిజర్వు చేసినట్టుంది.

మార్చి 28, శుక్రవారం

అన్న కొడుకు పిటిషన్ కొట్టేశాను. నాలుగు పేజీల తీర్పు, నాలుగు రోజుల్లో. తాత తీర్పు విని, జేబులోంచి షాపు తాళంచెవి తీసి ఒకసారి చూసుకుని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

కాఫీలో చక్కెర ఉంది. నేను అడగలేదు. పొరపాటున వేసిందేమో. పొరపాటే అయి ఉంటుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఇంకా చెప్పులు విడవలేదు. మా ఆవిడ హాల్లోంచే, "జాబితా వచ్చింది. మీ పేరు లేదు" అంది.

నేను ఏమీ అడగలేదు. ఆ సంగతి నాకు ఒక్క నిమిషం తర్వాత తట్టింది. ముందు తట్టింది జాబితానే. బాధగా ఉంది. లేదని రాస్తే అబద్ధ సాక్ష్యం అవుతుంది. ఇరవై ఏడేళ్లు.

"అడగలేదని తెలుసు" అంది. "అడక్కపోయినా చెప్తున్నా. గుమస్తా ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. ఎవరో బయటివాళ్లు చెబితే వినడం కంటే నా నోటితో వినడం నయం కదా అని. కూర్చోండి ముందు. ఆ చెప్పులు అక్కడ విడవండి. మంచినీళ్లు తాగండి. మీ చెల్లెలు కూడా ఫోన్ చేసింది, వాళ్ల అబ్బాయికి పన్ను ఊడిందట. నా మోకాలు మళ్లీ మొదలెట్టింది. పక్కింటావిడ కుక్కని తెచ్చుకుంది."

నలభై ఒక్క రోజుల బకాయి. ఒక్కొక్కటిగా తీరుస్తోంది. నేను మంచినీళ్లు తాగాను. కర్టెన్ల వైపు చూశాను.

"ఆ రైల్లో ఎదురు సీట్లో ఒకాయన..." అన్నాను మెల్లగా.

మా ఆవిడ నా వైపు అనుమానంగా చూసింది. ఎక్కడ ఆపుతానో అని చూసింది. నేను నోరు మూసుకున్నాను.

"ఆయనే" అంది. "ఆకుపచ్చ సంచీ, ఒక పిడి తెగిపోయింది, తాడు కట్టాడు. మీరేమో దారి పొడుగునా కిటికీ వైపు చూస్తూ, మొదటిరోజు కోర్టులో ఏం మాట్లాడాలో మీలో మీరే చెప్పుకుంటున్నారు. చేతులు కూడా తిప్పుతున్నారు. ఆయన భయపడి సంచీ ఒళ్లో పెట్టుకుని, 'అమ్మా, ఆ పక్కనాయన మీకు తెలిసినవాడేనా?' అని నన్నడిగాడు."

"నువ్వేమన్నావు?"

"తెలీదన్నాను."

ఇన్నేళ్ల తర్వాత చెబుతోంది ఈ మాట!

"మరేం చెయ్యను? పెళ్లయి మూడు వారాలు. నిజంగానే అంతగా తెలీదు" అంది. "ఆ క్వార్టర్సులోకి దిగాక కూడా అదే వరస. ఏం రాసినా ముందు గోడకి చదివి వినిపించేవారు. ఎదురు పిట్టగోడ మీద పిల్లలూ పెద్దలూ వరసగా కూర్చుని చూసి పడీపడీ నవ్వేవాళ్లు. మీకు తెలీదు, మీరు గోడ వైపు ఉండేవారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా మొగుణ్ని చూసి నవ్వుతారా అని, మర్నాడే వెళ్లి ఈ గుడ్డ తెచ్చి చేత్తో కుట్టాను. ఏడు ఊళ్లు తిరిగాం. ప్రతి ఊళ్లో సామాను దించగానే ముందు ఇవే కట్టాను. మీరేమో నాకు ఎండ పడదనుకున్నారు."

అవును. అలాగే అనుకున్నాను. ఒకటి రెండుసార్లు అతిథులకు చెప్పాను కూడా.

"ఇన్నేళ్లూ మిమ్మల్ని చూసి జనం నవ్వకుండా నేను కాపు కాస్తే, మీరే నిండు కోర్టులో కూర్చుని నవ్వించారు" అని ముక్కు చీదింది. "అందరూ నవ్వారటగా?"

"బంట్రోతు కూడా."

"నవ్వనివ్వండి" అంది.

తప్పు నాదే అని ఆమెతో ఇంతవరకు నేరుగా చెప్పలేదని గుర్తొచ్చింది. చెప్పాను. "తెలుసు, రికార్డులో ఉందిగా" అంది.

"ఇంతకీ ఏ కొట్లో కొన్నావు?" అని అడిగాను. మరదలికి జవాబు బాకీ ఉండిపోయింది కదా.

"కొట్టు పేరా?" మా ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "గుర్తులేదండీ. కానీ ఆ కొట్టాయనకి ఒక తమ్ముడుండేవాడు..."

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.